నాలుగో ఏతాం మీద హైమ వంతు

రోజు 2,204
తొక్కినవారు 31. ఒక్కొక్కరు 120. పైకి వెళ్ళిన నీళ్ళు మళ్ళీ కిందికి వచ్చాయి.

ఈ పుస్తకంలో అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదని సొరంగం కమిటీ మాట. అంకెలు వేశాక కాగితం కింద సగం ఖాళీగా మిగులుతుంది. అంత ఖాళీ వదిలేయడం మా అత్తగారింటి పద్ధతి కాదు. అందుకని రాస్తున్నాను. రాసిన సగం లోపలికి మడిచేస్తాను, అంకెలు చూసేవాళ్ళు దాన్ని విప్పరు.

నా పేరు భ్రమరాంబ, వయసు యాభై మూడు. మూడో సొరంగంలో నాలుగో ఏతాం దగ్గర లెక్క రాస్తాను. నీళ్ళు తోడడానికి మాకు మోటార్లున్నాయి. ఏతాం నీళ్ళు ఎవరికీ అక్కర్లేదు. తొట్టిలోంచి బానతో పైకి వచ్చి, కాలువలో పది గజాలు పారి, తిరిగి అదే తొట్టిలో పడతాయి. అయినా ఇక్కడున్న నాలుగు వందల మందీ రోజూ తొక్కాల్సిందే. ఏతాం దూలాన్ని మాను అంటాం, దాని మీద ముందుకు నడిస్తే బాన మునుగుతుంది, వెనక్కి నడిస్తే లేస్తుంది. అదొక తొక్కు. అలాంటివి నూట ఇరవై. కాళ్ళలో కండ నిలబడాలని ఈ ఏర్పాటు.

పైన గాలిలో ఉన్న కరుగు జ్వరానికి భయపడే ఈ సొరంగాల్లోకి దిగాం. అది వచ్చినవాళ్ళకు అన్నం సయించదు. అప్పుడు ఒళ్ళు తన కండను తానే తింటుంది. ఒంట్లో గాదె అంటే కండేనని డాక్టర్ నిస్సీ గారు చెబుతారు. గాదె నిండుగా ఉన్నవాళ్ళు జ్వరం ఉండే పదిహేను రోజులూ నెగ్గుకొస్తారు. లేనివాళ్ళకు కాళ్ళయ్యాక ఛాతీ కండ కరుగుతుంది, ఇక దగ్గడానికి బలం ఉండదు. మావాళ్ళు చాలామంది జ్వరంతో పోలేదు, దగ్గలేక పోయారు. అందుకే ఇక్కడ ఎవరైనా గట్టిగా దగ్గితే "నూరేళ్ళు" అంటాం. వెనకటికి తుమ్మితే అనేవాళ్ళు. ఇప్పుడు తుమ్ముని ఎవరూ పట్టించుకోరు.

రోజు 2,207
తొక్కినవారు 31. ఒక్కొక్కరు 120.

పై అంకె అబద్ధం. పూర్తిగా తొక్కినవారు ముప్ఫై మందే.

హైమ నా తోడికోడలు. నాకంటే పదకొండేళ్ళు చిన్నది. రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు. మేమిద్దరం ఆరేళ్ళుగా ఒకే గదిలో, ఒకే పొయ్యి మీద బతుకుతున్నాం. అన్నదమ్ములిద్దరూ మొదటి జ్వరంలో వారం తేడాతో పోయారు. అప్పటి వైద్యం కదలకుండా పడుకోబెట్టడమే. జ్వరం తగ్గాక కూడా, మొత్తం నలభై రోజులు వాళ్ళని మంచం దిగనివ్వలేదు మేము. ఒత్తిగిల్లాలన్నా మేమే తిప్పాం, చెయ్యి ఎత్తాలన్నా మేమే ఎత్తాం. ఎంత బాగా చూసుకుంటున్నారో అని అందరూ మెచ్చుకున్నారు. మా కళ్ళ ముందే కరిగిపోయారు. ఆ రెండు చావు కాగితాల మీదా సంతకం నేనే పెట్టాను. అప్పటినుంచి నాలో ఏదో మొద్దుబారింది. బాధగా ఉందా అని ఎవరైనా అడిగితే, వెతుక్కుని చెప్పాల్సి వస్తుంది.

ఇవాళ తడి మాను మీద హైమ కాలు జారింది. మోకాలు బెణికింది.

"అక్కా, కాలు పట్టేసింది. ఇంకా ఎనభై ఉన్నాయి."

"దిగి కూర్చో. కాలు కింద పెట్టకు."

"నా వంతో?"

"నేను తొక్కేస్తాలే."

ఒకరి వంతు ఇంకొకరు తొక్కకూడదు, రూలు. కానీ పుట్టినరోజుకో పెళ్ళిరోజుకో "నీ పేరున ఓ పది తొక్కాను" అనడం ఇక్కడ ముచ్చట. చీరలు, స్వీట్లు లేని చోట ఇంకేం పెడతాం? పదివరకు ఎవరూ ఏమనరు. మధ్యాహ్నం గంట కొట్టాక అందరూ భోజనాలకు వెళ్ళారు. నేను మళ్ళీ మాను ఎక్కాను. బాన దగ్గర ఉండేది పోలయ్య. అరవై దాటినవాడు, గోదావరి గట్టు మీది మాట ఇంకా పోలేదు.

"భ్రమరమ్మ గారూ, పదైతే నేను చూళ్ళేదండి. ఎనభై అంటే కళ్ళు మూసుకున్నా వినపడుద్దండి."

"చెవులు కూడా మూసుకో."

"ఆయ్," అని బాన ముంచాడు.

ఇక్కడ లెక్క ఒకటితో మొదలుపెట్టరు. ధాన్యం కొలిచినట్టే "లాభం, రెండు, మూడు" అంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను.

రోజు 2,217
తొక్కినవారు 31. ఒక్కొక్కరు 120.

హైమ మోకాలి వాపు తగ్గింది. రేపటినుంచి వస్తానంది. ఇంకో నాలుగు రోజులు ఆగమన్నాను. అడిగినవాళ్ళకు తను మధ్యాహ్నం గంట తర్వాత తొక్కుతోందని చెబుతున్నాను. వద్దన్నప్పుడు తను బతిమాలలేదు, నేనూ బలవంతం చేయలేదు. ఇద్దరికీ హాయిగానే ఉంది.

రోజు 2,223
తొక్కినవారు 31. ఒక్కొక్కరు 120.

హైమ గదిలో కూర్చుని నా జాకెట్లకు హుక్కులు కుడుతోంది. నేను వెళ్ళేసరికి వేడిగా పప్పు పెడుతోంది. "నీకు అత్తగారి పోలిక వచ్చేసింది అక్కా, నడక కూడా ఆవిడదే," అని వెక్కిరించింది. రోజుకి రెండు వందల నలభై తొక్కితే నడక మారదా మరి. ఆకలి బాగా వేస్తోంది. హైమ సగం గిన్నె కూడా తినడం లేదు, మిగిలింది నాకు వేస్తోంది. నేను తింటున్నాను.

రోజు 2,230
పిక్కల కొలత రోజు.

నెలకొకసారి డాక్టర్ నిస్సీ గారు దర్జీ టేపుతో అందరి పిక్కలూ కొలుస్తారు. ముప్ఫై ఒక్క సెంటీమీటర్ల కంటే తగ్గితే పేరు మీద ఎర్ర గీత. నావి పోయిన నెల ముప్ఫై మూడు, ఇప్పుడు ముప్ఫై అయిదు. హైమవి పోయిన నెల ముప్ఫై నాలుగు, ఇప్పుడు ముప్ఫై రెండు.

"ఇద్దరిదీ ఒకే వంట, ఒకే తొక్కుడు. చెరో దారిన పోతున్నారేంటి?" అన్నారు డాక్టర్ గారు.

"అది సరిగ్గా తినదండీ," అన్నాను.

అది నిజమే కాబట్టి చెప్పడం కష్టమనిపించలేదు. పోలయ్య పిక్కలు ముప్ఫై. ఎప్పుడూ అంతే. బాన మనిషికి తొక్కుడు వంతు లేదు, పుస్తకంలో అతని పేరు ఎదురుగా ఎప్పుడూ సున్నా. కొంగ కాళ్ళు, రోకళ్ళలాంటి చేతులు.

రోజు 2,241
తొక్కినవారు 31. ఒక్కొక్కరు 120.

హైమ గదిలోంచి నీళ్ళ కుళాయి వరకు వెళ్ళి వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడింది. కుళాయి ఇరవై అడుగులు ఉంటుందేమో. రేపటినుంచి నీళ్ళు కూడా నేనే తెస్తానన్నాను. ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే నా బుద్ధి ఏ గడ్డి తింటోందో నాకు తెలుస్తోంది. తెలిసినా పొద్దున్నే బిందె తీసుకుని వెళ్తాను. నాకు వచ్చిన ప్రేమ అదొక్కటే.

రోజు 2,252
తొక్కినవారు 29.

వానలు మొదలయ్యే ముందు పైన గాలి పంకాల జల్లెడలు మారుస్తారు. మార్చడానికి ఒక గంట పడుతుంది. ప్రతి ఏడూ ఆ గంటలోనే వస్తుంది జ్వరం. పొద్దున ఆరో ఏతాం వాళ్ళు నలుగురు పడుకున్నారు. మధ్యాహ్నానికి మా ఏతాం వాళ్ళిద్దరు, వాళ్ళతోపాటు పోలయ్య.

హైమని గది దాటొద్దన్నాను. తను గది దాటి ఎన్ని రోజులైందో అప్పుడు గుర్తొచ్చింది.

రోజు 2,254
లెక్క వేయలేదు. ఏతాలు ఆపేశారు.

హైమకి జ్వరం. నేను తాకగానే తెలిసింది. మోసుకుని వైద్యశాలకు తీసుకెళ్ళాను. ఒక్కదాన్నే మోయగలిగాను. తను అంత తేలికైంది, నేను అంత గట్టిపడ్డాను.

వైద్యశాలలో పదకొండు మంది. దగ్గు యంత్రాలు రెండే. మూతికి తొడుగు పెడితే లోపలికి గాలి తోసి, ఒక్కసారిగా లాగి, మన బదులు అదే దగ్గుతుంది. డాక్టర్ నిస్సీ గారు పన్నెండు ఏతాల పుస్తకాలూ తెప్పించి ముందు పెట్టుకున్నారు. జ్వరంలో కాళ్ళకు నీరు పడుతుంది, అప్పుడు టేపు కొలత పనికిరాదు. అందుకని ఎవరు ఎన్ని తొక్కారో చూసి, తక్కువ తొక్కినవాళ్ళకు యంత్రం ముందు ఇస్తారు. నూట ఇరవై తొక్కినవాళ్ళు సొంతంగా దగ్గుకోగలరు.

ఒకటి ఆరో ఏతాం ముసలావిడకి పెట్టారు. రెండోది పోలయ్యకి. పుస్తకంలో సున్నా, పాత కొలత ముప్ఫై. హైమ పేరు దగ్గర వేలు ఆపి, "ఈవిడకి పర్వాలేదు. రోజూ నూట ఇరవై," అని పుస్తకం నాకు తిరిగి ఇచ్చేశారు.

నా అక్షరాలే అవి. గుండ్రంగా, పొందికగా ఉన్నాయి.

నేను నోరు విప్పలేదు.

రోజు 2,255
ఎందుకు చెప్పలేదో రాయాలి.

ఇంటి గుట్టు లంకకు చేటని మా అత్తగారు రోజుకి రెండుసార్లు అనేవారు. మేం ఇంట్లో మాట గడప దాటనివ్వని మనుషులం. చెబితే హైమని నలుగురూ సోమరిపోతంటారు, ఆ ఇంట్లో పెద్దకోడలు దొంగలెక్క రాసిందంటారు. వైద్యశాల బెంచీ మీద కూర్చుని నేను ఆలోచించింది అది. పక్కన మనిషికి ఊపిరాడడం లేదు, నేను పరువు గురించి ఆలోచించాను.

హైమ మధ్యాహ్నం నుంచి దగ్గడానికి ప్రయత్నిస్తోంది. గొంతులో గురగురమంటుంది, పైకి రాదు. నోరు తెరుస్తుంది, భుజాలు లేస్తాయి, అంతే. ఆ శబ్దం నేను ఆరేళ్ళ క్రితం విన్నాను. రెండుసార్లు విన్నాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు.

రోజు 2,256
పొద్దున దీపాలు వెలిగాక డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళాను. పుస్తకం తెరిచి 2,207 దగ్గర వేలు పెట్టాను.

"ఇక్కడినుంచి హైమ పేరు ఎదురుగా ఉన్నవన్నీ నావండీ. మొదటి రోజు నలభై మాత్రం తను తొక్కింది."

ఆవిడ పేజీలు తిప్పారు. నలభై ఏడు పేజీలు. చివర దాకా తిప్పి మూసేశారు.

"అంటే మంచం మీదే ఉందా?"

"కూర్చునేది. కుట్టుకునేది."

"మొన్ననే ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

ఆవిడ కోప్పడతారనుకున్నాను. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "ఈ రెండు రోజుల్లో ఏం పోయిందో నేను చెప్పలేనండి. చెప్పి మిమ్మల్ని తిట్టలేను, చెప్పకుండా ఊరడించలేను," అని లేచారు.

పోలయ్య మంచం దగ్గరికి వెళ్ళేసరికి అతను మా మాటలన్నీ వినేశాడు. చెవులు మూసుకోమన్నది ఎన్నాళ్ళ కిందటి మాట. మూతి మీద తొడుగు తనే పీకేశాడు.

"రెండ్రోజుల్నించి సెబుతున్నానండి నాకిది వద్దని. తొడుగులోంచి సెబితే మీకు వినపడి సావదు."

"పోలయ్య గారూ, మీ కాళ్ళు..." అన్నారు డాక్టర్ గారు.

"నేను కాళ్ళతో దగ్గుతానా అండి?" అని లేచి కూర్చుని దగ్గాడు. పక్క బల్ల మీద రేకు గ్లాసు దొర్లి కింద పడింది. జ్వరంలో ఉన్నవాళ్ళు కూడా, గొంతు ఉన్నంత మేర, "నూరేళ్ళు" అన్నారు.

బాన పట్టినవాడి ఛాతీ ఎలా ఉంటుందో ఏ పుస్తకంలోనూ గడి లేదు. ఆరేళ్ళుగా అతని ఎదురుగా సున్నా వేసిందీ నేనే.

యంత్రం హైమకి పెట్టారు.

రోజు 2,259
ఆరో ఏతాం ముసలావిడ పోయారు. మూడో ఏతాం వాళ్ళిద్దరు పోయారు.

హైమ ఉంది.

రోజు 2,263
యంత్రం పగలు తీసేస్తున్నారు. డాక్టర్ గారు మంచం కాళ్ళ వైపు ఒక చెక్క బిగించారు. హైమ పాదాలతో దాన్ని తోయాలి. పూటకి అయిదుసార్లు. ముద్ద కూడా తనే ఎత్తి తినాలి.

"మీరు పక్కన కూర్చోవచ్చు," అన్నారు నాతో. "ఆవిడ కాలు మాత్రం ముట్టుకోకండి. మీరు తోస్తే మీ కండ పెరుగుతుంది. ఇప్పటికే పెరిగింది చాలు."

చేతులు తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాను. హైమ పాదం చెక్కకి ఆనింది. వేళ్ళు వణికాయి. చెక్క కదల్లేదు.

"అక్కా, కాస్త కాలు సర్ది పెట్టవూ." గొంతు లేదు, ఉత్త గాలి.

"పెట్టను."

"రాక్షసివి."

"అవును."

"ఆయనకీ, బావగారికీ పెట్టావుగా."

"అందుకే నీకు పెట్టను."

తను గోడవైపు తిరిగింది. తిరగడానికి చాలాసేపు పట్టింది. అదైనా సొంతంగా తిరిగింది. నాకు తిమ్మిరెక్కి చేతులు పని చేయలేదు, చేతుల్లో తప్ప ఇంకెక్కడా ఏమీ తెలియలేదు.

రోజు 2,270
చెక్క కదిలింది. ఒకసారి.

రోజు 2,274
కమిటీ పిలిచింది. అయిదుగురు కూర్చున్నారు. వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు. నలభై ఏడు పేజీల్లోనూ హైమ పేరు ఎదురుగా ఉన్న అంకె నా చేత్తో కొట్టేసి, అసలు అంకె వేయమన్నారు. మొదటి పేజీలో నలభై. మిగతా నలభై ఆరింటిలో సున్నా. హైమ లేచి ఏతాం దగ్గరికి వచ్చే రోజువరకు పుస్తకం నా దగ్గరే ఉండాలని, ఆ రోజు లెక్క సరిగ్గా రాసి అప్పగించాలని తీర్పు. ఇక ఎవరి పేరునా పది కూడా తొక్కకూడదని గోడ మీద రాయించారు. పిల్లల పుట్టినరోజులకు ఏం పెట్టాలో వాళ్ళు చెప్పలేదు.

సున్నాలు వేస్తూ కూర్చున్నాను. గుండ్రంగా, పొందికగా వచ్చాయి. బాన మనిషి అన్నచోట మాత్రం సున్నా కొట్టేసి "చేతి పని" అని రాశాను. అది ఎవరూ అడగలేదు.

రోజు 2,283
హైమ గదికి వచ్చింది. ఊపిరితిత్తుల్లో ఒక పక్క గట్టిపడిందని, ఎంత తొక్కినా ఇక మునుపటిలా కాదని డాక్టర్ గారు చెప్పారు. ఆ రెండు రోజుల ఆలస్యం వల్లనా అని అడిగాను. "తెలీదండి," అన్నారు. తెలీదన్న మాటతోనే నేను బతకాలి.

నీళ్ళ కుళాయికి తనే వెళ్తోంది. చెంబుతో. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తాను. ఒక్కోసారి మధ్యలో గోడకి ఆనుకుని నావైపు చూస్తుంది. నేను లోపలికి వెళ్ళిపోతాను.

రోజు 2,291
తొక్కినవారు 27. ఇరవై ఆరుగురు 120. ఒకరి లెక్క కింద రాశాను.

ఏతాలు మళ్ళీ మొదలయ్యాయి. మావాళ్ళు నలుగురు ఇంకా వైద్యశాలలోనే ఉన్నారు. హైమ గోడ పట్టుకుని తనంతట తను వచ్చింది. జడ కూడా తనే వేసుకుంది, వంకరగా. పోలయ్య కింద బాన దగ్గర ఉన్నాడు, కొంచెం చిక్కాడు. మిగతావాళ్ళు తమ వంతు ముగించి కూడా వెళ్ళకుండా నిలబడ్డారు.

హైమ మాను ఎక్కింది. పక్కన వెదురు పట్టుకుని ముందుకు నడిచింది. బాన మునిగింది. వెనక్కి నడిచింది, బాన లేచింది.

"లాభం," అన్నాడు పోలయ్య.

రెండోది అయింది.

మూడోదానికి వెనక్కి నడుస్తూ మధ్యలో ఆగిపోయింది. మోకాళ్ళు ఊగుతున్నాయి. బాన సగం పైకి వచ్చి గాల్లో వేలాడుతోంది, నీళ్ళు ఒలుకుతున్నాయి. ఒక్క చెయ్యి వేస్తే చాలు, మాను దానంతటదే లేస్తుంది.

"అక్కా," అంది హైమ.

అందరూ నావైపు చూశారు. పోలయ్య చెయ్యి బాన కిందికి వెళ్ళింది. నేను తల అడ్డంగా ఊపాను. అతను నన్నొకసారి చూసి, రెండు చేతులూ తీసేసి వెనక్కి పెట్టుకున్నాడు. ఇంతకంటే చెడ్డపని నా జన్మలో చేయలేదనిపించింది.

హైమ పాదం జరిపింది. ఇంకోటి జరిపింది. బాన లేచింది. సగం నీళ్ళే ఉన్నాయి, ఆ సగమే కాలువలో పది గజాలు పారి తొట్టిలో పడ్డాయి.

"మూడు," అన్నాడు పోలయ్య.

హైమ వెదురుకి ఆనుకుని దగ్గింది. పొడి దగ్గు, చిన్నదే, కానీ పైకి వచ్చింది. అందరూ "నూరేళ్ళు" అన్నారు. నేనూ అన్నాను. అప్పుడు కాళ్ళు నొప్పి పుట్టాయి. పాదాల దగ్గర మొదలై, పిక్కలు దాటి, తొడల వరకు వచ్చింది. ఇన్నేళ్ళలో తొక్కినవన్నీ ఒకేసారి పట్టినట్టుంది. నిలబడలేక తొట్టి గట్టు మీద కూర్చుని ఏడ్చాను. అందరూ చూస్తుండగానే ఏడ్చాను, కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు.

హైమ దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. "మిగతావి రేపు తొక్కుతాలే," అంది, ఊపిరి అందుకుంటూ. "నువ్వు తొక్కేవు, జాగ్రత్త."

పుస్తకం సాయంత్రం కమిటీ వాళ్ళు వచ్చి తీసుకెళ్తారు. ఈలోగా రాయాల్సింది రాశాను.

హైమవతి: 3.

సిరా ఆరాక మళ్ళీ ఒకసారి లెక్క చూసుకున్నాను. మూడే.